తెరచాప ఓడ నమూనా: పాతదాన్ని బాగుచేయడం, కొత్తది కట్టడం

చాలా ఇళ్లలో ఒక కర్ర ఓడ ఉంటుంది. రిటైర్మెంట్‌కి ఎవరో ఇచ్చిందో, కేరళ వెళ్లినప్పుడు బేపూర్‌లో కొన్న ఉరు (అక్కడ కట్టే కర్ర ఓడ) నమూనానో, విదేశం నుంచి అన్నయ్య తెచ్చిందో, బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది. తాళ్లు తెగి వేలాడుతుంటాయి, తెరచాపని మోసే కొయ్య (మాస్ట్) ఒకటి పక్కకి ఒరిగి ఉంటుంది, పడేయడానికి ఎవరికీ మనసు రాదు. మీకు తెరచాప ఓడలు కట్టాలని కోరిక ఉంటే వేలకు వేలు పోసి ఓడ ముక్కలూ ప్లాన్లూ ఉండే కిట్ కొనడం తర్వాత, ముందు ఆ ఓడని కిందికి దించండి. దాన్ని విప్పి మళ్లీ కట్టేసరికి ఏ తాడు ఎందుకుందో, ఏ భాగం ఏ వరసలో చేయాలో మీ చేతులకే తెలిసిపోతుంది. అది ఏ పుస్తకమూ అంత బాగా నేర్పదు.

మొదటి నుంచి చివరి దాకా నేను పట్టుకుని ఉండే మాట ఒకటే: ఏది అతికించినా, ఏది కట్టినా, రేపు మళ్లీ విప్పడానికి వీలుండాలి. పాత ఓడని బాగుచేసేటప్పుడు ఇది ఎంత అవసరమో, కొత్తది కట్టేటప్పుడూ అంతే అవసరం. మీ జిగురు, మీ పాలిష్, మీ ముడులు అన్నీ ఈ ఒక్క లెక్కతో ఎంచుకోండి.

పాత ఓడ: ముందు చూడండి

మొదటి రోజు దేన్నీ ముట్టుకోకండి. కింద తెల్ల దుప్పటి పరిచి ఓడని దాని మీద పెట్టి, నాలుగు వైపుల నుంచీ పైనుంచీ ఫోటోలు తీయండి, ప్రతి ఫోటోలో ఒక స్టీలు స్కేలు కనిపించేలా. తర్వాత దగ్గరి ఫోటోలు. ప్రతి తాడుకీ ఒక నంబరు ఇచ్చి అది ఎక్కడ మొదలైంది, ఏ కప్పీలోంచి వెళ్లింది, ఎక్కడ ముడిపడింది అని నోటుబుక్కులో రాసుకోండి. తెగిన తాళ్లు కూడా రాయండి, వాటి మొదలూ చివరా దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. తాడు ఎంత లావుందో తెలియాలంటే ఒక ముక్కని పెన్సిలు చుట్టూ పది చుట్లు పక్కపక్కనే చుట్టి, ఆ వెడల్పు కొలిచి పదితో భాగించండి. ఊడిపోయిన చిన్న ముక్కలన్నిటినీ జిప్ కవర్లలో వేసి, ఎక్కడ దొరికాయో పైన రాయండి.

ఓడ నిజంగా పాతదని అనుమానం వస్తే అక్కడే ఆగండి. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండ్‌లో ఖైదీలుగా ఉన్న ఫ్రెంచి నావికులు వంటకి వాడగా మిగిలిన ఎముకలతో ఓడలు చెక్కి అమ్ముకునేవారు. నార్మన్ క్రాస్‌లో 1797లో తెరిచిన ఖైదీల శిబిరం అలాంటి పనికి పేరుపడింది. విదేశాల్లో ఉండే మనవాళ్లకి పాత సామాన్ల అమ్మకాల్లో ఎముక ముక్కలు తాపిన ఓడ కనిపిస్తే అది హాబీగా బాగుచేసే వస్తువు కాదు, మ్యూజియంలో చేసే నిపుణులకి చూపించండి. షోపీసుగా కొన్నదయితే మాత్రం ధైర్యంగా చేయి వేయవచ్చు.

తర్వాత పురుగు చూడండి. చెక్కలో గుండుసూది తలంత కన్నాలు ఉంటే ఓడ కింద నల్ల కాగితం పరిచి కొన్ని రోజులు వదిలేయండి. కాగితం మీద కొత్తగా సన్నటి పొడి రాలితే పురుగు లోపల బతికే ఉంది. మందు కొట్టే ముందు చలి ఆలోచించండి. చిన్న ఓడయితే పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి. ఒక రోజంతా అలాగే ఉంచితే గాలిలో తేమ సంచి మీద చేరుతుంది, ఓడ మీద కాదు. మందపాటి రంగు, బంగారు పూత ఉన్నవాటికి ఈ పద్ధతి వద్దు, చలికి పూత పగలవచ్చు.

ఫిరంగులు, లంగర్లు లాంటి లోహపు ముక్కల మీద తెల్లటి బూడిద లాంటిది కనిపిస్తే అవి సీసం కలిసిన పోతవి కావచ్చు. మూసి ఉన్న పెట్టెలో చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. ఆ పొడిని ఊదకండి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. తడి గుడ్డతో తీసేసి, ఆ ముక్కల్ని మార్చేయండి. పాత రంగుల్లో కూడా సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి రంగుని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దడం అసలు వద్దు.

దుమ్ము తీయడం, విప్పడం

మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతికి పల్చటి గుడ్డ కట్టి దగ్గరగా పట్టుకోండి, ఊడిన కప్పీలు లోపలికి పోకుండా గుడ్డ ఆపుతుంది. అంటుకుపోయిన మురికికి చెవిలో పెట్టుకునే దూది పుల్లని కాస్త ఉమ్మితో తడిపి, నొక్కకుండా దొర్లించండి. వినడానికి ఎలాగో ఉన్నా ఇది మ్యూజియంలలో వాడే పద్ధతే. ఉమ్మిలో ఉండే ఎంజైములు మురికిని వదిలిస్తాయి, రంగుకి హాని తక్కువ. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన ఇంకో పుల్లతో తుడవండి. అద్దాలు తుడిచే స్ప్రే, కిరోసిన్, కొబ్బరినూనె ఏవీ వద్దు. నూనె రాస్తే ఆ పూట మెరుస్తుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుని నల్లబడుతుంది. ఏం రాసినా ముందు కనబడని మూలలో రాసి చూడండి.

విప్పడంలో అసలు రహస్యం జిగురులో ఉంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికించిన చోట సన్న బ్రష్షుతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి, పావుగంట ఆగి, మళ్లీ రాసి, పల్చటి బ్లేడు మెల్లగా లోపలికి పోనివ్వండి. చాలాసార్లు చెక్క విరగకుండా విడివడుతుంది. అదే సూపర్ గ్లూతో అతికించి ఉంటే ఎసిటోన్ వాడాల్సి వస్తుంది, అది రంగునీ పాలిష్‌నీ కూడా తీసుకుపోతుంది. తేడా మీ కళ్లతో ఒకసారి చూశాక మీ కొత్త ఓడకి ఏ జిగురు వాడాలో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. చపడా (షెల్లాక్) పాలిష్ కూడా ఆల్కహాల్‌కి కరుగుతుందని మర్చిపోకండి, జాయింటు దాటి కారనీయకండి. ఆల్కహాల్, ఎసిటోన్ రెండూ మంటకి అంటుకునేవి, కిటికీ తెరిచి, దీపాలకీ అగరొత్తులకీ దూరంగా పని చేయండి.

విరిగిన కొయ్యని ఉత్త జిగురుతో అతికిస్తే మళ్లీ అక్కడే విరుగుతుంది. రెండు ముక్కల మధ్యలో ఒక మిల్లీమీటరు కన్నం చేసి, ఇత్తడి తీగ ముక్క దూర్చి, అప్పుడు జిగురు పెట్టండి. ఒరిగిన కొయ్యని చేత్తో నిటారుగా లాగకండి, దాన్ని ఒకవైపు లాగుతున్న తాడు ఏదో వెతికి ముందు దాన్ని వదులు చేయండి. తాళ్లు పుచ్చిపోయి ముట్టుకుంటే తెగుతుంటే మొత్తం తీసేసి కొత్తవి వేయడమే మేలు. ఎలా వేయాలో కింద చెబుతాను, కొత్త ఓడకీ పాత ఓడకీ ఆ పని ఒకటే.

ఏ ఓడ కట్టాలి

అందరికీ మొదట హెచ్.ఎం.ఎస్. విక్టరీ మీదే కన్ను పడుతుంది. 1765లో నీళ్లలోకి దించిన ఓడ, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ నిలబడిన ఓడ. నిజమే, కానీ 104 ఫిరంగులు, మూడు కొయ్యలు, కొన్ని వందల కప్పీలు. నిజం ఓడలో 72వ వంతు స్కేలులో కట్టినా, ముక్కు ముందుకి పొడుచుకొచ్చే కర్ర కాకుండానే ఓడ శరీరం దాదాపు 96 సెంటీమీటర్లు వస్తుంది, బల్ల మొత్తం అదే. మొదటి ఓడగా దాన్ని ఎవరు కొంటామన్నా నేను వద్దనే అంటాను. ఒకే పనిని వందసార్లు చేయాల్సి వస్తే, ఆ పని ఇంకా సరిగ్గా రానివాళ్లకి విసుగు రావడం సహజం.

ఒక కొయ్య, లేదంటే రెండు కొయ్యలున్న చిన్న ఓడ తీసుకోండి. అమెరికాకి చెందిన మోడల్ షిప్‌వేస్ కంపెనీ కొత్తవాళ్ల కోసమే మూడు చిన్న పడవలు ఒక వరసగా చేసింది: చేపల డోరీ, నార్వే తెరచాప ప్రామ్, లాబ్‌స్టర్లు పట్టే స్మాక్. మూడూ వరసగా కడితే ఓడ ఒంటికి తొడిగే సన్న చెక్క పట్టీలు వంచడం నుంచి తెరచాప కట్టడం దాకా అన్నీ వస్తాయి. స్పెయిన్‌కి చెందిన ఆర్టెసానియా లాటినా, ఆక్రే, ఇటలీకి చెందిన అమాటి కూడా కొత్తవాళ్లకి తగ్గ కిట్లు అమ్ముతాయి. ఇండియాకి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం పడుతుంది, ధర చూసేటప్పుడు అది కలుపుకునే లెక్కవేయండి. చాలా తక్కువ ధరకి, పేరూ ఊరూ లేని కంపెనీ అమ్మే పెద్ద ఓడ కనిపిస్తే ఆగండి. అలాంటివి ఎక్కువగా ఇంకొకరి ప్లాన్లకి దొంగ నకళ్లు, ప్లాన్ల మీద గీతలు మసకగా, చెక్క పెళుసుగా ఉంటాయి. ఒక డిజైనర్ ఏళ్లు కూర్చుని గీసిన పని అది, డబ్బు ఆయనకే వెళ్లాలి.

ఎప్పటికైనా పెద్ద ఓడ కట్టాలనుకుంటే నా ఓటు హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీకి. బొంబాయిలో వాడియా కుటుంబం టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దించిన ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక), ఇవాళ్టికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. దాని కోసం పంపిన ప్లాన్లు దారిలో హెచ్.ఎం.ఎస్. జావాతో పాటే పోయాయి, 1812లో అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ చేతిలో జావా ఓడిపోయింది, మళ్లీ ఇంకో జత పంపాల్సి వచ్చింది. మన పనివాళ్ల చేతిపని ఇంకా చూడటానికి మిగిలి ఉండటం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మన గోదావరి తీరంలో కోరంగి, తాళ్లరేవు కూడా ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్లే.

పనిముట్లు

ఎక్కువ కొనకండి. సన్న మొనున్న హాబీ కత్తి, పల్చటి పళ్ల రంపం, స్టీలు స్కేలు, అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర దాకా బిట్లు పట్టే చేతి డ్రిల్లు, మొన సూటిగా ఒకటీ వంకరగా ఒకటీ రెండు ట్వీజర్లు, చిన్న ఆకురాళ్లు, 120, 220, 320 నంబర్ల ఉప్పుకాగితం, బట్టలకి పెట్టే క్లిప్పులు ఒక డజను, గుండుసూదులు, మంచి లైటు. ఉప్పుకాగితాన్ని ఎప్పుడూ చెక్క ముక్కకి అతికించి వాడండి, వేళ్లతో పట్టి రుద్దితే అంచులు గుండ్రంగా అయిపోతాయి. రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, వాల్‌నట్ లాంటి చెక్కల పొడి కొందరికి దగ్గూ దురదా తెప్పిస్తుంది.

జిగురు: మామూలు తెల్ల జిగురే. నీళ్లకి తట్టుకునే రకం వద్దు, అది ఆల్కహాల్‌కి అంత తేలిగ్గా లొంగదు. సూపర్ గ్లూ లోహం ముక్కలకి, రెండు మూడు చోట్ల తాళ్లకి, అంతే.

ఓడ శరీరం

పైకి కనిపించే అందమంతా ఈ దశలోనే తేలిపోతుంది, కాబట్టి ఇక్కడ ఎంత సమయం పెట్టినా తక్కువే.

కిట్ తెరిస్తే కీల్ అని ఒక పొడవాటి పలక ఉంటుంది, ఓడ అడుగున ముందు నుంచి వెనక దాకా పోయేది. దాన్ని గాజు పలక మీద పెట్టి చూడండి. వంకర ఉంటే తడి గుడ్డతో తుడిచి, రెండు చదును పలకల మధ్య బరువు పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేయండి. వంకర కీల్ మీద కట్టిన ఓడని తర్వాత ఏ దేవుడూ సరిచేయలేడు. కీల్‌కి అడ్డంగా పక్కటెముకల్లా నిలిచే అడ్డపలకలన్నిటినీ ముందు జిగురు లేకుండా గాట్లలో దూర్చి చూడండి. బిగుతుగా ఉంటే గాటుని ఆకురాయితో కొద్దిగా తీయండి, బలంగా తోయకండి. అన్నీ కుదిరాక ఒక్కొక్కటే మూలమట్టంతో చూస్తూ అతికించండి, కీల్‌కి ప్రతి పలకా 90 డిగ్రీల్లో ఉండాలి.

ఇప్పుడు ఆ పలకల అంచులు ఏటవాలుగా అరగదీయాలి. ఇంగ్లీషు వాళ్లు ఫేరింగ్ అనే ఈ పనిని కొత్తవాళ్లు చాలామంది తొందరగా దాటేస్తారు. ఓడ ముందుకీ వెనక్కీ సన్నబడుతుంది కదా, కాబట్టి పట్టీ పలకల మీదుగా వంగేటప్పుడు పలక అంచు మొత్తానికీ ఆనాలి, మూలకి మాత్రమే ఆనకూడదు. పొడవాటి ఉప్పుకాగితం చెక్కతో ఒకేసారి మూడు నాలుగు పలకల మీదుగా రుద్దండి. ఒక సన్నటి పట్టీని ముందు నుంచి వెనక దాకా చేత్తో ఆనించి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. పట్టీకీ పలకకీ మధ్య వెలుతురు కనిపిస్తే ఇంకా రుద్దాలి. ఎక్కడైనా పల్లం పడితే అక్కడ సన్న చెక్క పీలిక అతికించి మళ్లీ రుద్దండి. ఓడ ముక్కు దగ్గర మొదటి రెండు పలకల మధ్య ఖాళీని మెత్తటి చెక్క దిమ్మతో నింపి, వంపుకి తగ్గట్టు చెక్కితే పట్టీలకి మంచి ఆధారం దొరుకుతుంది. దీనికి కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి కర్ర చక్కగా పనికొస్తుంది, తేలిక, కత్తికి బాగా లొంగుతుంది.

పట్టీలు సాధారణంగా రెండు పొరలు. మొదటిది ఒకటిన్నర మిల్లీమీటర్ల మెత్తటి చెక్క, పైది అర మిల్లీమీటరు వాల్‌నట్ లాంటిది. మొదటి పొర లోపల దాగిపోతుంది కదా అని ఎలాగోలా చేస్తే ఆ ఎత్తుపల్లాలన్నీ పై పొరలో బయటపడతాయి.

డెక్ (ఓడ పైతలం) అంచు దగ్గర నుంచి మొదలుపెట్టి కిందికి రండి. ఎడమవైపు ఒక పట్టీ, కుడివైపు ఒక పట్టీ, ఇలా మార్చి మార్చి అతికించండి. ఒకవైపే వరసగా వేసుకుంటూ పోతే ఆ లాగుడికి కీల్ మెలిపడుతుంది. పుచ్చకాయ మీద చారలు మధ్యలో వెడల్పుగా ఉండి రెండు కొసలకీ సన్నబడతాయి చూశారా, ఓడ పట్టీలూ అంతే, ఎందుకంటే మధ్యలో చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. మధ్య పలక అంచు పొడవుని కాగితపు పీలికతో కొలిచి ఎన్ని పట్టీలు పడతాయో లెక్కపెట్టండి. తర్వాత ముందు పలక దగ్గర అదే కొలత తీసి, అన్ని పట్టీలతోనే భాగించండి. అక్కడ ఒక్కో పట్టీ ఎంత వెడల్పుండాలో అదే. ప్రతి పలక మీదా ఈ గీతలు పెన్సిలుతో పెట్టుకుని, పట్టీని ఆ కొలతలకి చిత్రిక పట్టి లేదా కత్తితో సన్నబరిచి అతికించండి. ఒక నియమం: పట్టీ అసలు వెడల్పులో సగం కంటే సన్నగా ఎప్పుడూ చేయకండి. అంతకంటే సన్నబడాల్సి వస్తే రెండు పట్టీలని అక్కడ ఆపి ఒకే పట్టీగా కలపండి, నిజమైన ఓడల్లోనూ అలాగే చేసేవారు. వెనక భాగంలో దీనికి వ్యతిరేకం, అక్కడ ఖాళీ మిగులుతుంది, దాన్ని త్రికోణపు ముక్కలతో నింపాలి.

వంచడం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, నానబెడితే చాలు వంగుతుందని. చెక్కని వంచేది ప్రధానంగా వేడి. పావుగంట అరగంట నీళ్లలో ఉంచి, ఆ తర్వాత ఇస్త్రీపెట్టె అంచు మీదో సోల్డరింగ్ ఐరన్ మీదో మెల్లగా జరుపుతూ వంచండి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. వంచిన పట్టీని ఓడకి క్లిప్పులతో బిగించి పూర్తిగా ఆరనివ్వండి, అప్పుడే జిగురు. తడి పట్టీని అతికిస్తే ఆరాక కుంచించుకుని పట్టీల మధ్య సందులు తేలతాయి. వానాకాలంలో, ముఖ్యంగా కాకినాడ, విశాఖ లాంటి తీరం ఊళ్లలో, ఆరడానికి ఒక రోజు ఎక్కువే ఇవ్వండి. పట్టీని వెడల్పు వైపు వంచాలని మాత్రం బలవంతం చేయకండి, అంచు పైకి లేస్తుంది. అక్కడ సన్నబరచడమే దారి.

మొదటి పొర అయ్యాక సందుల్లో లప్పం పెట్టి, రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూడండి. కంటికి కనబడని గుంటలు చేతికి తెలుస్తాయి. పై పొరలో లప్పం వాడే పని రాకూడదు, ఆ చెక్క పొడినే జిగురుతో కలిపి చిన్న సందులు పూడ్చుకోవచ్చు.

డెక్ పని దీని ముందు తేలిక. నిజం ఓడలో పలక సుమారు 24 అడుగులు ఉంటుందనుకుంటే 64వ వంతు స్కేలులో 11 సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ వస్తుంది, కాబట్టి పట్టీలని ఆ పొడవుకి కోయండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే పట్టీ వేస్తే బొమ్మలా కనిపిస్తుంది. పట్టీల పక్క అంచులకి మెత్తటి పెన్సిలు రుద్ది అతికిస్తే పలకల మధ్య తారు పూసినట్టు సన్న నల్ల గీత వస్తుంది.

చెక్క గురించి ఒక మాట

నిజమైన ట్రింకోమలీ టేకుదే అయినా మీ నమూనాకి టేకు వద్దు. దాని రేఖలు, రంధ్రాలు పెద్దవి, 64వ వంతు ఓడ మీద ఒక్కో రంధ్రం పెద్ద గుంటలా కనబడుతుంది. నూనె చెక్క కావడంతో జిగురు కూడా సరిగ్గా పట్టదు, అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవాలి. నమూనాకి కావాల్సింది నున్నటి, దగ్గర రేఖల చెక్క. యూరప్ వాళ్లు బాక్స్‌వుడ్, పియర్ వాడతారు. మన దగ్గర ఏటికొప్పాక లక్క బొమ్మలకి వాడే అంకుడు కర్ర ఉంది. కప్పీలు, నీళ్ల పీపాలు, చిన్న ఫిరంగులు లాంటి తరిణె పట్టే ముక్కలకి దానికి మించింది నేను చూడలేదు. చెక్క మేకులకి వెదురు పుల్లలని సన్నగా చీల్చి, స్టీలు పలకలో చేసిన చిన్న కన్నాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి లాగండి, అర మిల్లీమీటరు దాకా సన్నబడతాయి.

కొయ్యలు

గుండ్రటి కర్రని గాజు మీద దొర్లించి చూడండి, ఎగిరితే పక్కన పెట్టేయండి. పైకి పోయేకొద్దీ సన్నబరచడానికి డ్రిల్లుకి బిగించి, ఉప్పుకాగితం మడిచి పట్టుకుని తిప్పవచ్చు. కొయ్యలకీ అడ్డకర్రలకీ కట్టాల్సిన కప్పీలన్నీ వాటిని ఓడ మీద నిలబెట్టకముందే, బల్ల మీద ఉండగానే కట్టేయండి. నిలబెట్టాక ఆ సందుల్లో వేళ్లు పట్టవు. డెక్ మీద తాళ్లు చుట్టే పిన్నులూ ముందే బిగించుకోండి. కొయ్యని అతికించకుండా కన్నంలో బిగుతుగా నిలబెట్టడమే నాకిష్టం. తాళ్లే దాన్ని పట్టుకుంటాయి, నిజం ఓడలో జరిగేదీ అదే.

తాళ్లు

రెండు రకాలు. కొయ్యలని నిలబెట్టేవి ఎప్పుడూ కదలవు, తారు పూసినవి కాబట్టి నల్లగా లేదా ముదురు గోధుమ రంగులో ఉండాలి. తెరచాపలని నడిపేవి కదులుతాయి, అవి నార రంగులో. కిట్‌లో ఇచ్చే దారం చాలాసార్లు లావుగా, నూగుగా ఉంటుంది. నూలు దారం తేమకి బిగుసుకుని ఎండకి వదులవుతుంది, పాలిస్టర్ అంత మారదు. తేనెమైనం మీద ఒక్కసారి లాగి, వేళ్లతో నూగు అణచండి, ఎక్కువ పట్టిస్తే దుమ్ము అంటుకుంటుంది.

కదలని తాళ్లు ముందు. పక్కల నుంచి కొయ్యకి ఎక్కే ష్రౌడ్లని జతలుగా వేస్తారు: కుడివైపు ముందు జత, తర్వాత ఎడమవైపు ముందు జత, మళ్లీ కుడి. వీటి కింద మూడు కన్నాల గుండ్రటి చెక్క బిళ్లలు ఉంటాయి, డెడ్‌ఐలు. పైవన్నీ ఒకే ఎత్తులో రావాలంటే తీగ ముక్కని రెండు కొసలూ వంచి పై బిళ్లకీ కింది బిళ్లకీ మధ్య కొలతగా పెట్టుకుని కట్టండి. ఏ తాడునీ మొదటిసారే గట్టిగా లాగి ముడి బిగించకండి. అన్నీ కాస్త వదులుగా కట్టి, ముందు తాడూ వెనక తాడూ ఒకదాన్నొకటి లాగుతూ కొయ్య సరైన వాలులో నిలిచేదాకా సర్దుకుంటూ పోండి. ముడి మీద పల్చటి తెల్ల జిగురు చుక్క చాలు.

ష్రౌడ్ల మీద నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండే రాట్‌లైన్లు నావికుల కాళ్ల కోసం, నిజంలో 13 నుంచి 15 అంగుళాల ఎడం. 64వ వంతులో అయిదారు మిల్లీమీటర్లు. ఈ ఎడంతో గీతలు గీసిన కాగితాన్ని ష్రౌడ్ల వెనక పెట్టి, ఆ గీతల వెంట ముడులు వేయండి. చివరి తాళ్లకి మామూలు ముడి, మధ్యవాటికి చుట్టు ముడి. తాడు లాగితే ష్రౌడ్లు లోపలికి గుంజుకుపోతాయి, కాబట్టి ప్రతి నాలుగైదు వరసలకీ దూరంగా జరిగి చూడండి. ఇది నిదానంగా సాగే పని, రోజుకి కొన్ని వరసలు వేసి లేవండి.

కదిలే తాళ్లని మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, కింది నుంచి పైకి వేసుకుంటూ రండి, లేకపోతే ముందు వేసినవే చేతికి అడ్డం వస్తాయి. డెక్ మీద కనిపించే తాడు చుట్టలని విడిగా చేసి, పిన్నుకి తగిలించండి. చుట్ట పైకి నిక్కకుండా బరువుకి వేలాడుతున్నట్టు కనిపించాలి, జిగురు కలిపిన నీళ్లతో తడిపి కిందికి సర్దితే అలా నిలుస్తుంది.

తెరచాపలు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనయితే పెట్టను, ఎంత సన్నటి మల్లు గుడ్డయినా ఆ స్కేలులో దుప్పటంత మందంగా ఉంటుంది, పైగా కష్టపడి వేసిన తాళ్లన్నీ దాని వెనక దాగిపోతాయి. పెట్టాలనుకుంటే చుట్టి కట్టినట్టు పెట్టండి, అప్పుడు అసలు ఎత్తులో మూడోవంతు గుడ్డ చాలు. పాతగా కనిపించడానికి టీ నీళ్లలో ముంచమని చాలామంది చెబుతారు, అది వద్దు, టీలో ఉండే ఆమ్లం ఏళ్ల మీద గుడ్డని పుచ్చిపోయేలా చేస్తుంది. పల్చటి యాక్రిలిక్ రంగు చాలు.

పాలిష్, పెట్టె

చపడాని ఆల్కహాల్‌లో పల్చగా కలిపి రెండు పూతలు, మధ్యలో 320 ఉప్పుకాగితంతో మెల్లగా ఒక్క చేయి. మెరిసే వార్నిష్ వేయకండి, అంత చిన్న ఓడ మీద అంత మెరుపు నిజం ఓడకి ఎప్పుడూ ఉండదు. చపడా కావాలంటే ఎప్పుడయినా తీసేయవచ్చు, పాలియురేథేన్ అలా రాదు.

పెట్టె లేకుండా ఓడని బయట పెట్టకండి. తాళ్ల మధ్య దుమ్ము ఒకసారి చేరితే తీయడం కట్టడం కంటే కష్టం. గాజు లేదా యాక్రిలిక్ పెట్టె చేయించి, అడుగున కనబడని చోట రెండు చిన్న కన్నాలు పెట్టించి, పురుగు రాకుండా సన్న జాలీ వేయండి, లోపల ఆవిరి చేరకుండా గాలి ఆడుతుంది. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా, వంటగది గోడకీ, ఏసీ గాలి కొట్టే చోటా పెట్టకండి. మూసేముందు ఒక కాగితం మీద ఏ ఓడో, ఏ స్కేలో, ఏ జిగురు ఎక్కడ వాడారో, పాలిష్ ఏమిటో, ఏ తాడు ఎంత లావో, ఎక్కడెక్కడ సూపర్ గ్లూ పెట్టాల్సి వచ్చిందో తేదీతో సహా పెన్సిలుతో రాసి, మడిచి, పీఠం కింద అతికించండి. పాత ఓడని బాగుచేసి ఉంటే మొదటి రోజు తీసిన ఫోటోల ప్రింట్లు కూడా అదే కవరులో పెట్టండి.